బిల్లు ముందు, బండి తర్వాత

ఏడాది అమ్మకాలు ఐదు కోట్లు దాటిన వ్యాపారి మరో వ్యాపారికి సరుకు అమ్మితే ఆ బిల్లు ముందుగా ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు కావాలి. అదే ఈ-ఇన్‌వాయిస్. కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడు చూసుకుంటాడులే అనుకుంటే కుదరదు. యజమాని నుంచి హమాలీ దాకా కొట్టులో అందరి అలవాట్లూ మారాల్సిందే. కొత్తగా ఈ పరిధిలోకి వచ్చేవారు ఏప్రిల్ ఒకటి రాకముందే ఏమేం సర్దుకోవాలో చెప్పేదే ఈ కథనం.

సాయంత్రం ఏడు గంటలు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఓ పైపుల దుకాణం ముందు డీసీఎం వ్యాన్ ఆగి ఉంది. జగ్గయ్యపేట వెళ్లాల్సిన సరుకు ఎక్కించారు. తాళ్లు బిగించారు. హమాలీల కూలి ఇచ్చేశారు. డ్రైవర్ మాత్రం కౌంటర్ దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఇంకెంతసేపన్నా?"

"జర ఆగన్నా, బిల్లు పోతలేదు."

తెర మీద ఎర్రక్షరాలు. కొన్న పార్టీ పిన్‌కోడ్ ఆంధ్రప్రదేశ్‌ది కాదంటోంది పోర్టల్. ఎప్పుడో ఆ పార్టీ ఖాతా తెరిచిన రోజున పిన్‌కోడ్ తెలియక తమ బజారుదే, 500003 అని కొట్టేసి ఊరుకున్నారు. పాత పద్ధతిలో ఆ తప్పు పదేళ్లయినా ఎవరి కంటా పడేది కాదు. ఇప్పుడు ఆ ఆరంకెలు సరిచేసేదాకా బండి కదలదు.

ఇలాంటివి విజయవాడ, గుంటూరు, వరంగల్, రాజమహేంద్రవరం హోల్‌సేల్ బజార్లకు కొత్త కాదు. చాలామంది వ్యాపారులు ఈ-ఇన్‌వాయిస్ అనగానే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడుగుతారు. సాఫ్ట్‌వేర్ సంగతి ఒక పూటలో తేలిపోతుంది. తేలనిది 'తర్వాత చూసుకుందాంలే' అని ఏళ్ల తరబడి పక్కన పెట్టిన లెక్కల సంగతే.

వాట్సాప్‌లో పంపే పీడీఎఫ్ కాదు

కంప్యూటర్‌లో కొట్టి వాట్సాప్‌లో పంపిన బిల్లునే ఈ-ఇన్‌వాయిస్ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది మామూలు బిల్లే. ఈ-ఇన్‌వాయిస్‌లోనూ బిల్లు తయారుచేసేది వ్యాపారే, తన సొంత సాఫ్ట్‌వేర్‌లోనే. ఆ వివరాలు ఒక నిర్ణీత నమూనాలో ఇన్‌వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు వెళ్తాయి. అమ్మినవారి, కొన్నవారి జీఎస్టీ నంబర్లు చెల్లుతున్నాయా, పన్ను లెక్క సరిపోయిందా, ఇదే నంబరుతో ఇంతకుముందు బిల్లు వచ్చిందా అని పోర్టల్ సరిచూస్తుంది. అన్నీ కుదిరితే 64 అక్షరాలు, అంకెలు కలిసిన ఒక గుర్తింపు సంఖ్యను, డిజిటల్ సంతకం చేసిన క్యూఆర్ కోడ్‌ను తిప్పి పంపుతుంది. ఆ గుర్తింపు సంఖ్యనే ఐఆర్‌ఎన్ అంటారు. అంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఆ క్యూఆర్ ముద్రించిన బిల్లే చెల్లే బిల్లు.

స్థలం కొన్న దస్తావేజుకు రిజిస్ట్రార్ ఆఫీసులో నంబరు పడకపోతే అది ఎలాంటిదో, ఐఆర్‌ఎన్ లేని బిల్లూ అలాంటిదే. జీఎస్టీ నిబంధనల్లో 48(5) ఈ మాటే చెబుతుంది. ఈ-ఇన్‌వాయిస్ ఇవ్వాల్సిన వ్యాపారి మామూలు బిల్లు ఇస్తే అసలు బిల్లే ఇవ్వనట్టు లెక్క.

ఐఆర్‌ఎన్ నాలుగు వివరాలను బట్టి తయారవుతుంది. అమ్మినవారి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు. ఈ నాలుగూ కలిసి రెండోసారి వస్తే పోర్టల్ తీసుకోదు. ఒకే ఏడాదిలో ఒకే నంబరు మీద రెండు బిల్లులు కొట్టే అలవాటుకు ఇక్కడే తెర పడింది.

ఐదొందల కోట్ల నుంచి ఐదు కోట్లకు

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ప్రభుత్వానికి పెద్ద తలనొప్పి బోగస్ బిల్లులే. సరుకు కదలకుండానే బిల్లు రాసుకోవడం, దాని మీద కొన్నవారు పన్ను జమ వాడుకోవడం, అమ్మినవారు పన్ను కట్టకుండా మాయమైపోవడం. నెల తిరిగాక రిటర్నులు చూసి పట్టుకునేసరికి కంపెనీ ఉండదు, బోర్డూ ఉండదు. బిల్లు పుట్టినప్పుడే లెక్కకు ఎక్కించాలన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది.

2020 అక్టోబర్ 1న 500 కోట్లు దాటిన సంస్థలతో మొదలుపెట్టారు. 2021 జనవరి 1న 100 కోట్లు, అదే ఏడాది ఏప్రిల్ 1న 50 కోట్లు, 2022 ఏప్రిల్ 1న 20 కోట్లు, అక్టోబర్ 1న 10 కోట్లు. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు. మూడేళ్లు తిరక్కుండానే నిబంధన కార్పొరేట్ ఆఫీసుల నుంచి జిల్లా కేంద్రంలోని సిమెంటు డీలరు దాకా దిగి వచ్చింది.

బ్యాంకులు, బీమా సంస్థలు, సరుకు రవాణా ఏజెన్సీలు, ప్రయాణికుల రవాణా సంస్థలు, మల్టీప్లెక్స్ టికెట్లు, సెజ్ యూనిట్లు, ప్రభుత్వ శాఖలు, స్థానిక సంస్థలకు మినహాయింపు ఉంది. జీఎస్టీ నంబరు లేని మామూలు కొనుగోలుదారుకు ఇచ్చే చిల్లర బిల్లుకు కూడా ఇది అక్కర్లేదు. జీఎస్టీ నంబరున్న పార్టీకి రాసే బిల్లు, ఎగుమతి బిల్లు, వాటి మీద రాసే క్రెడిట్ నోట్లు, డెబిట్ నోట్లు మాత్రం ఐఆర్‌ఎన్ తీసుకోవాల్సినవే.

ఏ ఐదు కోట్లు?

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. "మన అమ్మకాలు నాలుగు కోట్లు కూడా లేవు" అని ధీమాగా ఉన్న వ్యాపారి మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, ఏ సంవత్సరం లెక్క? పోయినేడాది ఒక్కటే చూస్తే చాలదు. 2017-18 నుంచి గడిచిన ఆర్థిక సంవత్సరాల్లో ఏ ఒక్క ఏడాది ఐదు కోట్లు దాటినా నిబంధన వర్తిస్తుంది. ఒక మంచి సీజన్‌లో దాటి, తర్వాత అమ్మకాలు సగానికి పడిపోయినా బయటపడే దారి లేదు. ఈ ఏడాది తొలిసారి దాటుతున్నవారికి మాత్రం వచ్చే ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది.

రెండోది, ఎవరి లెక్క? జీఎస్టీ నంబరుది కాదు, పాన్‌ది. విజయవాడలో 37తో మొదలయ్యే నంబరు, హైదరాబాద్‌లో 36తో మొదలయ్యే నంబరు ఉండొచ్చు. రెండింటిలోనూ మూడో స్థానం నుంచి పన్నెండో స్థానం దాకా ఉండేది ఒకే పాన్ అయితే రెండు కొట్ల అమ్మకాలూ కలిపే చూస్తారు. విజయవాడ గోదాము నుంచి హైదరాబాద్ బ్రాంచికి పంపిన సరుకూ అందులో కలుస్తుంది. రాష్ట్రం విడిపోయాక ఆ సరుకు అంతర్రాష్ట్ర సరఫరా అయింది. అందుకే మన సొంత బ్రాంచికి మనం పంపే సరుకుకూ పన్ను బిల్లు రాయాలి, ఐఆర్‌ఎన్ తీసుకోవాలి. "మన జేబులోంచి మన జేబులోకేగా" అంటే చట్టం ఒప్పుకోదు.

మూడోది, ఏవి కలపాలి? పన్ను లేని అమ్మకాలూ కలపాలి. గోదావరి జిల్లాలు, మిర్యాలగూడ రైస్‌మిల్లుల వాళ్లు దీన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. బ్రాండూ లేబులూ లేకుండా అమ్మే విడి బియ్యానికి జీఎస్టీ లేదు. కాబట్టి ఆ బిల్లులకు ఐఆర్‌ఎన్ లేదు. ఆ అమ్మకాల విలువ మాత్రం ఐదు కోట్ల లెక్కలోకి వస్తుంది. అలా పరిమితి దాటిన మిల్లు నూనె కంపెనీకి పన్నుతో అమ్మే తవుడుకు, లేబుల్ వేసి అమ్మే ఇరవై ఐదు కిలోల సంచులకు ఈ-ఇన్‌వాయిస్ ఇవ్వాల్సిందే. యజమాని సొంత పేరు మీదే వ్యాపారం ఉంటే, అదే పాన్ మీద వచ్చే ఇంటి అద్దెలూ ఈ లెక్కలో కలుస్తాయి. కట్టిన జీఎస్టీని మాత్రం ఇందులో కలపనక్కర్లేదు.

ముందు పార్టీల జాబితా

సన్నాహంలో ఎక్కువ చెమట పట్టే పని ఇదే. కొన్నేళ్లుగా ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో పేరుకుపోయిన ఖాతాలు తెరిచి చూడండి. ఒకే పార్టీకి 'శ్రీ లక్ష్మి ట్రేడర్స్', 'శ్రీలక్ష్మి ట్రేడర్స్ కొత్త', 'లక్ష్మి పాత బాకీ' అని మూడు ఖాతాలుంటాయి. ఒకదానిలో జీఎస్టీ నంబరు ఉండదు. ఇంకోదానిలో చిరునామా ఉండాల్సిన చోట 'బస్టాండ్ ఎదురుగా' అని మాత్రమే ఉంటుంది.

ప్రతి పార్టీకీ నాలుగు సరిచూడాలి. జీఎస్టీ నంబరు, అందులో నమోదైన పేరు, రాష్ట్రం, పిన్‌కోడ్. జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొడితే అది చెల్లుతోందో రద్దయిందో ఎవరికైనా కనిపిస్తుంది. నంబరు రద్దయిన పార్టీ మీద ఐఆర్‌ఎన్ రాదు. కొత్తగా నంబరు తీసుకున్న పార్టీ వివరాలు ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కు చేరడం ఒక్కోసారి ఆలస్యమవుతుంది. అలాంటప్పుడు జీఎస్టీ పోర్టల్ నుంచి తాజా వివరాలు తెప్పించుకునే సదుపాయం అక్కడే ఉంది.

యంత్రం పట్టుకోలేని తప్పు ఒకటుంది. రెండు రాష్ట్రాల్లోనూ కొట్లున్న పార్టీకి 36 నంబరు మీద రాయాల్సిన బిల్లు 37 మీద రాశారనుకోండి. ఆ నంబరుకు తగ్గ చిరునామా, తగ్గ పన్ను పడితే పోర్టల్ ఐఆర్‌ఎన్ ఇచ్చేస్తుంది. అది అంకెల పొందిక చూస్తుంది గానీ సరుకు ఏ గోదాములో దిగిందో దానికి తెలియదు. పన్ను జమ తప్పు రాష్ట్రంలో పడుతుంది. సరుకు తీసుకున్న కొట్టుకు జమ రాదు. నెల తర్వాత ఆ పార్టీ ఫోన్ చేసి డబ్బు ఆపేస్తే అప్పుడు తెలుస్తుంది. ఆర్డర్ తీసుకునేటప్పుడే "బిల్లు ఏ నంబరు మీద, సరుకు ఏ ఊరికి?" అని అడిగే అలవాటు సేల్స్ కుర్రాళ్లకు చేయాలి.

సరుకుల పట్టిక, బిల్లు నంబర్లు

ఐదు కోట్లు దాటిన వ్యాపారి బిల్లు మీద సరుకు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఆరంకెలు ఉండాలి. నాలుగంకెలతో నెట్టుకొచ్చినవాళ్లు ఇప్పుడు ప్రతి సరుకునూ మళ్లీ చూసుకోవాలి. గుంటూరు వ్యాపారికి తొడిమ తీసిన ఎండుమిర్చీ, కారంపొడీ రెండూ మిర్చే. కోడ్‌లో మాత్రం ఎండుమిర్చి 090421, కారం 090422. పీవీసీ పైపు 391723. పక్క కొట్టువాడి బిల్లు చూసి కోడ్ ఎత్తి రాసుకుంటే వాడి తప్పు కూడా మనకు అంటుకుంటుంది.

పన్ను రేటు కూడా సరుకుకు అంటిపెట్టుకునే ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మారినప్పుడు సిమెంటు 28 శాతం నుంచి 18కి దిగింది. సరుకుల పట్టిక పద్ధతిగా ఉన్నవాళ్లు ఆ మార్పును ఒక్క రాత్రిలో ముగించారు. ఒకే సిమెంటుకు ఐదు పేర్లు పెట్టుకున్నవాళ్లు ఒకదానిలో మార్చి నాలుగింటిలో మరిచిపోయే ప్రమాదం తెచ్చుకున్నారు.

ఇక బిల్లు నంబరు. పదహారు అక్షరాలు మించకూడదు. అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఏటవాలు గీత తప్ప మరేవీ పనికిరావు. సున్నాతోగానీ గీతతోగానీ మొదలు కాకూడదు. 2025 జూన్ 1 నుంచి ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు పోర్టల్‌కు ఒకటే. రెండు కౌంటర్లలో రెండు కంప్యూటర్లు ఉంటే ఒక్కోదానికి ఒక్కో వరుస పెట్టుకోవాలి. లేకపోతే ఒకే నంబరు రెండుచోట్లా పుడుతుంది. రెండోదాన్ని '2150, డూప్లికేట్ ఐఆర్‌ఎన్' అని పోర్టల్ తిప్పికొడుతుంది.

ఓటీపీ ఎవరి ఫోన్‌కి?

2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్, ఈ-వే బిల్ (సరుకు రవాణా పత్రం) పోర్టళ్లలోకి వెళ్లాలంటే పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా అందరికీ తప్పనిసరి. చాలా కొట్లలో ఆ ఓటీపీ యజమాని ఫోన్‌కి వస్తుంది. ఆయన తిరుమల కొండ మీద క్యూలో ఉంటాడు, ఫోన్ లాకర్‌లో ఉంటుంది. కింద కొట్లో ముగ్గురు డ్రైవర్లు ఎదురుచూస్తుంటారు. దీనికి మందు పోర్టల్‌లోనే ఉంది. బిల్లు కొట్టే ప్రతి మనిషికీ వేరే సబ్-యూజర్ ఖాతా తెరిచి, వారి ఫోన్ నంబరు నమోదు చేయొచ్చు. ఎవరు ఏ బిల్లు కొట్టారో కూడా తెలుస్తుంది. మనిషి ఉద్యోగం మానేసిన రోజే ఆ ఖాతా మూసేయాలి.

ఇంకో పాత అలవాటు 'ఆడిటర్ చూసుకుంటాడు'. రిటర్నుల కాలంలో అది కొంత నడిచింది. కట్టలు కట్టిన బిల్లులు నెలాఖరున ఆడిటర్ ఆఫీసుకు పంపితే ఆయన మనుషులు కోడ్‌లు వేసి, తప్పులు దిద్ది అప్‌లోడ్ చేసేవారు. ఇప్పుడు బిల్లు పుట్టేది సాయంత్రం ఏడింటికి, మీ కౌంటర్ మీద. ఆడిటర్ అక్కడ ఉండడు. ఆయన దిద్దే తప్పులన్నీ బిల్లు కొట్టే మనిషే ముందుగా దిద్దుకోగలగాలి. అందుకే కొత్త కంప్యూటర్ మీద పెట్టే ఖర్చు కంటే ఆ మనిషికి నేర్పించడం మీద పెట్టే ఖర్చుకే ఫలితం ఎక్కువ.

చిన్న వ్యాపారికి సాఫ్ట్‌వేర్ భారమైతే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ ఉచితంగా ఇచ్చే ఆఫ్‌లైన్ టూల్ ఉంది. రోజుకు నాలుగైదు బిల్లులుండే కొట్టుకు అది చాలు. బిల్లులు పదుల్లో ఉంటే మాత్రం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను నేరుగా పోర్టల్‌తో కలుపుకోవడమే మేలు. రెండుచోట్లా కొట్టే పనిలో రెండింతల తప్పులొస్తాయి.

ఇరవై నాలుగు గంటల గడువు

బిల్లు తప్పు పడితే కొట్టేసి పక్కన సరైన అంకె రాసే రోజులు పోయాయి. ఐఆర్‌ఎన్ వచ్చిన బిల్లులో ఒక్క అక్షరం దిద్దడానికీ వీల్లేదు. 24 గంటల్లోపు మొత్తం బిల్లు రద్దు చేసి, కొత్త నంబరుతో మళ్లీ రాయాలి. రద్దయిన నంబరు తిరిగి వాడకూడదు. ఆ బిల్లు మీద ఈ-వే బిల్ నడుస్తుంటే ముందు దాన్ని రద్దు చేయాలి. గడువు దాటాక పోర్టల్‌లో రద్దు కుదరదు. క్రెడిట్ నోటు రాయాలి, లేదా అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో సవరించుకోవాలి. కాబట్టి నిన్నటి బిల్లుల్ని పొద్దున్నే ఒకసారి తిరగేయడం మంచి అలవాటు. తప్పు దొరికితే దిద్దుకోవడానికి ఇంకా టైముంటుంది.

పది కోట్లు దాటినవారికి ఇంకో గడువు ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లు తేదీ మొదలు 30 రోజుల్లోపే నమోదు చేయాలి. ఏప్రిల్ 1 నాటి బిల్లును ఏప్రిల్ 30 దాటాక పోర్టల్ తీసుకోదు. పది కోట్ల లోపువారికి ఈ గడువు లేదు కదా అని తీరిగ్గా కూర్చోవడానికి లేదు. సరుకు కదిలేలోపే బిల్లు ఉండాలన్నది అందరికీ ఉన్న నిబంధనే.

నెట్ పోతే? ఐఆర్‌ఎన్ లేకుండా సరుకు పంపే వెసులుబాటు ఏదీ లేదు. రెండో కంపెనీ సిమ్‌తో ఒక హాట్‌స్పాట్, కరెంటు పోతే నడిచే ఒక ల్యాప్‌టాప్ కొట్లో సిద్ధంగా ఉండాలి. లోడింగ్ మొదలవగానే బిల్లు పని మొదలుపెడితే ఏడింటి హడావుడి సగం తగ్గుతుంది.

ఇవ్వకపోతే ఏమవుతుంది?

బిల్లు ఇవ్వకుండా సరుకు అమ్మితే 10,000 రూపాయలు లేదా ఎగ్గొట్టిన పన్ను, ఏది ఎక్కువైతే అంత జరిమానా వేయొచ్చు. దారిలో లారీని ఆపితే, సరుకు యజమాని ముందుకు వచ్చిన కేసుల్లో పన్నుకు రెట్టింపు జరిమానా కట్టాకే విడిపిస్తారు. వీటికంటే ముందే తగిలే దెబ్బ కొన్న పార్టీ నుంచి వస్తుంది. క్యూఆర్ లేని బిల్లు మీద పన్ను జమకు ముప్పు ఉంటుందని పెద్ద కంపెనీల కొనుగోలు విభాగాలకు బాగా తెలుసు. ఏ జీఎస్టీ నంబరు ఈ-ఇన్‌వాయిస్ పరిధిలో ఉందో పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. వాళ్లు చూస్తారు. బిల్లు తిప్పి పంపుతారు, డబ్బు ఆపుతారు.

మీరు కొనేవైపు ఉన్నప్పుడు మీరూ అంతే గట్టిగా ఉండాలి. జీఎస్టీ నెట్‌వర్క్ ఇచ్చిన వెరిఫయర్ యాప్‌తో క్యూఆర్‌ను స్కాన్ చేస్తే అసలుదో నకిలీదో తెలిసిపోతుంది.

చేతికి వచ్చేది ఏంటి?

చాకిరీ ఒక్కటే కాదు, కొంత లాభమూ ఉంది. నమోదైన బిల్లు దానంతట అదే జీఎస్టీఆర్-1లోకి వెళ్తుంది, అక్కడి నుంచి కొన్నవారి పన్ను జమ పట్టిక జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తుంది. పన్ను జమ కోసం పార్టీలు చేసే ఫోన్లు తగ్గుతాయి. అదే పోర్టల్‌లో ఈ-వే బిల్ కూడా పుడుతుంది. ఒరిజినల్, డూప్లికేట్, ట్రిప్లికేట్ అంటూ మూడు రంగుల కాగితాలు తీసే అవసరం ఈ బిల్లులకు లేదు. బాకీ వసూలులోనూ పనికొస్తుంది. సూక్ష్మ, చిన్న సంస్థల బాకీ ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి ఆపకూడదన్నది చట్టం. ఆ రోజులు లెక్కపెట్టేటప్పుడు తేదీతో సహా నమోదైన బిల్లును ఎవరూ కాదనలేరు.

ఒక జాగ్రత్త. పోర్టల్‌లో ఉంది కదా అని బిల్లులు దాచుకోవడం మానకండి. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరిచే బాధ్యత వ్యాపారిదే.

ఇది మన దేశానికే పరిమితమైన పద్ధతి కూడా కాదు. ఇటలీ 2019లోనే మొదలుపెట్టింది. సౌదీ అరేబియా 2021 డిసెంబర్ 4న, మలేసియా 2024 ఆగస్టు 1న అమలు ప్రారంభించాయి. బెల్జియంలో 2026 జనవరి 1 నుంచి వ్యాపారుల మధ్య బిల్లులకు తప్పనిసరి అయింది. గల్ఫ్‌లో చిన్న కాంట్రాక్టులు చేసుకునే తెలుగువారు ఇక్కడ నేర్చుకున్న క్రమశిక్షణ అక్కడా అక్కరకొస్తుంది.

మూడు నెలల ప్రణాళిక

జనవరి: 2017-18 నుంచి ప్రతి ఏడాది అమ్మకాలు పాన్ వారీగా తీయండి. ఆడిటర్‌తో కూర్చుని ఐదు కోట్లు దాటారో లేదో తేల్చుకోండి. దాటినా పోర్టల్‌లో మీ నంబరు చేరకపోతే మీరే నమోదు చేసుకోవచ్చు.

ఫిబ్రవరి: పార్టీల జాబితా, సరుకుల పట్టిక శుభ్రం చేయండి. చెల్లని నంబర్లు, ఒకే పార్టీకి ఉన్న రెండేసి ఖాతాలు తీసేయండి. కోడ్‌లు ఆరంకెలకు మార్చండి.

మార్చి: సబ్-యూజర్ ఖాతాలు తెరవండి. పోర్టల్ ప్రయోగ వేదికలో మామూలు బిల్లు, బ్రాంచి బదిలీ, క్రెడిట్ నోటు, రద్దు అన్నీ ఒకసారి చేసి చూడండి. క్యూఆర్ మీ ప్రింటర్‌లో స్పష్టంగా పడుతోందో లేదో స్కాన్ చేసి చూడండి.

ఏప్రిల్ 1: కొత్త నంబర్ల వరుసతో మొదటి బిల్లు. ఆ రోజు యజమాని కౌంటర్ దగ్గర ఉంటే మంచిది.

ఐదు కోట్ల లోపు ఉన్నవాళ్లూ పక్కన పెట్టాల్సిన విషయం కాదిది. పరిమితి ఇప్పటిదాకా ఐదుసార్లు తగ్గింది, ఒక్కసారీ పెరగలేదు. ఆరోసారి తగ్గినా తగ్గకపోయినా పార్టీల జాబితా సరిచేసుకున్నవారికి పోయేదేమీ లేదు. కనుక నోటీసు కోసమో నోటిఫికేషన్ కోసమో ఆగకండి. ఈ వారమే మీ ఆడిటర్‌ను పిలిచి ఏళ్లవారీ అమ్మకాల లెక్క ముందు పెట్టించుకోండి. మిగతా పనులన్నీ ఆ కాగితం నుంచే మొదలవుతాయి.